రోమన్ సమాధి ఫలకాన్ని దస్తావేజులా చదవడం: ఇసోలా సాక్రా శ్మశానంతో ఒక సమగ్ర మార్గదర్శి

రోమన్ల సమాధి ఫలకం కనబడితే చాలామంది అందులో కన్నీళ్లు వెతుకుతారు. లేవని కాదు. కానీ ఆ రాయిలో ఎక్కువ చోటు తినేది లావాదేవీ: ఎవరు కట్టించారు, లోపల ఎవరెవరికి చోటుంది, ఎవరికి లేదు, స్థలం ఎన్ని అడుగులు, రేపు ఎవడైనా అమ్మేస్తే జరిమానా ఎంత. బీరువా అడుగున దాచిన పొలం దస్తావేజును ఎలా చదువుతామో దీన్నీ అలాగే చదవాలి. ముందు రాయించినవాళ్లు, తర్వాత హక్కుదారులు, ఆపైన హద్దులు, షరతులు. పోయినవాళ్ల గురించి కంటే ఉన్నవాళ్ల గురించే అది ఎక్కువ చెబుతుంది.

ఈ పద్ధతి నేర్చుకోవాలంటే పది చోట్ల పది రాళ్లు చూడడం కన్నా ఒకే శ్మశానాన్ని పట్టుకుని కూర్చోవడం మేలు. నేను సూచించేది ఇసోలా సాక్రా. రోమ్ నగరానికి ధాన్యం దిగే రేవు పోర్టుస్. క్రీ.శ. 42లో క్లాడియస్ చక్రవర్తి దాన్ని మొదలుపెట్టాడు, తర్వాత ట్రాజన్ ఆరు కోణాల లోపలి రేవు తవ్వించాడు. ఆ రేవుకూ పాత పట్నం ఓస్టియాకూ మధ్య దారి పొడుగునా ఉన్నదే ఈ శ్మశానం. ఊరి లోపల శవాన్ని పూడ్చకూడదు, కాల్చకూడదు అని రోమన్ల పన్నెండు ఫలకాల చట్టం నాటి నియమం. అందుకే సమాధులన్నీ ఊరి బయట, బాటకు ఇటూ అటూ. ఇసోలా సాక్రాను ఇసుక కప్పేసింది, కాబట్టే ఇటుక గోడలు నిలబడి ఉండగానే దొరికాయి. గీడో కాల్జా అనే పురావస్తు శాస్త్రవేత్త 1925 నుంచి అక్కడ తవ్వకాలు జరిపించాడు. సుమారు వంద ఇటుక సమాధులు బయటపడ్డాయి. చాలా ఫలకాలు ఇంకా తలుపుల పైనే ఉన్నాయి. శాసనాలు చదివేవాళ్లకు ఇంతకన్నా అదృష్టం ఏం కావాలి.

మొదటి మెట్టు: చదవకండి, చూడండి

ఫొటో తెరవగానే అక్షరాల మీద పడకండి. ముందు రాయి ఎక్కడుందో తేల్చుకోండి. తలుపు పైన బిగించిన పాలరాతి ఫలకం ఒక రకం. అది సమాధి యజమాని ప్రకటన, దారిన పోయేవాళ్లందరికీ కనబడాలి. లోపల గోడ గూడు కింద అతికించిన చిన్న పలక ఇంకో రకం. అది ఆ గూట్లోని అస్థికల కుండ ఎవరిదో మాత్రమే చెబుతుంది. మొదటిది కుటుంబ పెద్ద మాట, రెండోది తర్వాత ఎప్పుడో వచ్చి చేరినవాళ్ల మాట. రెంటినీ ఒకే గాటన కట్టి లెక్కేస్తే మొత్తం చిత్రమే తప్పుతుంది.

ఫలకం చుట్టూ ఏముందో కూడా గమనించండి. ఇసోలా సాక్రాలో చాలా తలుపుల ముందు ఇటూ అటూ రెండు అరుగులు కనిపిస్తాయి. పోయినవాళ్ల పేరు మీద బంధువులు అక్కడ వాలి భోజనాలు చేసేవాళ్లు. లోపలి గోడల పైభాగంలో కాల్చాక మిగిలిన అస్థికల కుండలకు గూళ్లు, కింద శవాలను పెట్టడానికి కమాను అరలు, నేల కింద గుంతలు. కాల్చే ఆచారం నుంచి పూడ్చే ఆచారానికి రోమన్లు రెండో శతాబ్దంలో మెల్లగా మారడం ఒకే గదిలో గోడ మీద కనబడుతుందన్నమాట.

రెండో మెట్టు: అక్షరాలు విడదీయడం

రోమన్లు మాటల మధ్య ఖాళీ వదలరు, మధ్య ఎత్తులో ఒక చుక్క పెడతారు. ఆ చుక్క ఒక్కోసారి చిన్న త్రికోణంలా, ఒక్కోసారి ఐవీ ఆకులా ఉంటుంది. ఆకును చూసి అక్షరం అనుకోవద్దు. యు, వి అనే రెండు ధ్వనులకూ ఒకటే గుర్తు. రెండక్షరాలను ఒకే కాండానికి అతికించి చెక్కడం మామూలే, ముఖ్యంగా చోటు చాలనప్పుడు. చివరి వరుసల్లో అక్షరాలు చిన్నవైపోతూ ఇరుక్కుపోయి ఉంటే, చెక్కేవాడు ముందు గీతలు సరిగా గీసుకోలేదనో, ఇంటివాళ్లు చివర్లో ఇంకో పేరు ఇరికించమన్నారనో అర్థం.

ప్రచురించిన పాఠంలో బ్రాకెట్లు కనిపిస్తాయి. 1931లో లైడెన్‌లో పండితులు కుదుర్చుకున్న పద్ధతి అది. గుండ్రటి బ్రాకెట్లలో ఉన్నది సంపాదకుడు విడమరిచిన పొడి అక్షరం. చదరపు బ్రాకెట్లలో ఉన్నది రాయి విరిగి పోయిన భాగాన్ని ఆయన ఊహించి పూరించినది. ఈ తేడా ప్రాణం లాంటిది. చదరపు బ్రాకెట్లలోని వయసునో పేరునో తీసుకెళ్లి మీ పట్టికలో ఎక్కించకండి, అది రాయి చెప్పిన మాట కాదు.

మూడో మెట్టు: పొడి అక్షరాలు

లాటిన్ రాకపోయినా పని జరగడానికి కారణం ఇదే. ఓ పాతిక ముప్పై సూత్రాలు పట్టుకుంటే వేల రాళ్లు తెరుచుకుంటాయి. పైన ఉండే డి, ఎం అంటే 'డిస్ మానిబుస్', పితృదేవతలకు అని. హెచ్, ఎస్, ఇ అంటే 'ఇక్కడ ఉన్నాడు' అని. ఎస్, టి, టి, ఎల్ అంటే 'నీ మీద మట్టి తేలికగా ఉండుగాక'. బి, ఎం అంటే 'తగినవాడికి' లేదా 'తగినదానికి'. భార్యల, భర్తల పేర్ల పక్కన ఇది విపరీతంగా వాడారు కాబట్టి దాన్ని చూసి ఆదర్శ దాంపత్యమని పొంగిపోనక్కర్లేదు. వి, ఎఫ్ అంటే బతికుండగానే కట్టించుకున్నాడని. హెచ్, ఎం, హెచ్, ఎన్, ఎస్ అంటే 'ఈ సమాధి వారసుడికి సంక్రమించదు'. ఈ చివరిది దొరికితే ఆగండి, అసలు కథ అక్కడుంటుంది.

నాలుగో మెట్టు: పేరులోంచి మనిషి హోదా

రోమన్ పౌరుడికి సాధారణంగా మూడు పేర్లు: సొంత పేరు, వంశం పేరు, మూడో పేరు. వంశం పేరు తర్వాత తండ్రి పేరు పొడి అక్షరంతో పాటు ఎఫ్ ఉంటే స్వతంత్రుడిగా పుట్టినవాడు. ఎల్ ఉంటే ఒకప్పుడు బానిస, యజమాని విడుదల చేశాడు. విడుదలైనవాడు యజమాని సొంత పేరు, వంశం పేరు తీసుకుని తన బానిస పేరును మూడో పేరుగా ఉంచుకుంటాడు. తిరగేసిన సి అక్షరం పక్కన ఎల్ కనబడితే విడుదల చేసింది ఒక ఆడమనిషి. ఒకే ఒక్క పేరుంటే చాలాసార్లు ఇంకా బానిసే.

చిక్కేమిటంటే రెండో శతాబ్దానికి ఈ ఎఫ్, ఎల్ రాయడం చాలామంది మానేశారు. ఇసోలా సాక్రాలో అదే పరిస్థితి. అక్కడ మూడో పేర్లలో గ్రీకువి పుష్కలం: యుటికస్, ట్రోఫిమే, డాఫ్నస్. గ్రీకు పేరు కనబడగానే గ్రీసు దేశస్థుడని రాసేయకండి. బానిసలకు యజమానులు గ్రీకు పేర్లు పెట్టడం ఆనవాయితీ. పేరు పుట్టిన ఊరు చెప్పదు, కుటుంబంలో ఎక్కడో బానిసత్వపు గతం ఉండవచ్చని సూచిస్తుంది, అంతే. ఊరు తెలియాలంటే రాయి నోరు విప్పి చెప్పాలి. పిరమిడ్ ఆకారపు సమాధిలో ఉన్న గాయస్ అన్నయస్ అట్టికస్ ఆక్విటానియా, అంటే నేటి నైరుతి ఫ్రాన్సు వైపు నుంచి వచ్చాడని అతని ఫలకమే చెబుతుంది. అలా చెప్పేవి తక్కువ.

అయిదో మెట్టు: ఎవరు, ఎవరికి

'ఫెచిత్' అనే క్రియను వెతకండి, కట్టించాడు లేదా కట్టించింది అని. దానికి కర్త ఎవరో వాళ్లే డబ్బు పెట్టినవాళ్లు. 'సిబి' అంటే తనకు. ఓ తోనో, ఏ ఈ తోనో ముగిసే పేర్లు సాధారణంగా 'ఫలానా వారికి'. ఇక్కడిదాకా వస్తే ఒక పూర్తి ఫలకానికి సిద్ధమైనట్టే.

నూరో నంబరు సమాధి తలుపు పైది తీసుకుందాం. కట్టించింది స్క్రిబోనియా అట్టికే. తనకు, భర్త మార్కస్ ఉల్పియస్ అమెరిమ్నస్‌కు, తల్లి స్క్రిబోనియా కల్లిటికేకు, డయోక్లెస్‌కు, తనవాళ్లకు, తాము విడుదల చేసిన మగ ఆడ బానిసలకు, వాళ్ల సంతానానికి. ఆ తర్వాత ఒక మాట: 'పనరాటస్‌ను, ప్రొస్డోకియాను మినహాయించి'.

నెమ్మదిగా చదవండి. కర్త భార్య, భర్త కాదు. ఆస్తి ఆమె చేతిలో ఉంది, లేదా కనీసం ఈ సమాధి ఆమెది. తల్లీ కూతుళ్లిద్దరిదీ ఒకే వంశం పేరు. రోమన్ల చట్టబద్ధమైన పెళ్లిలో పిల్లకు తండ్రి వంశం పేరు వస్తుంది. కాబట్టి ఇద్దరినీ ఒకే స్క్రిబోనియస్ కుటుంబం విడుదల చేసి ఉండాలి, లేదా తల్లి విడుదలయ్యాక చట్టం గుర్తించే తండ్రి లేకుండా కూతురు పుట్టి ఉండాలి, లేదా తండ్రిదీ అదే వంశం పేరు అయి ఉండాలి. వీటిలో ఏదో రాయి తేల్చదు, మనం తేల్చకూడదు. డయోక్లెస్‌కు ఒకటే పేరు, సంబంధం చెప్పలేదు. ఇంట్లోవాళ్లందరికీ తెలిసిన మనిషికి పరిచయం ఎందుకనుకున్నారేమో.

ఇక ఆ ఇద్దరు. వాళ్లను మినహాయించాల్సిన అవసరం ఎందుకొచ్చింది? 'విడుదల చేసినవాళ్లకు' అని అన్నాక ఆ మాటలో వాళ్లూ వచ్చేస్తారు కాబట్టి. అంటే పనరాటస్, ప్రొస్డోకియా ఆ ఇంటి విముక్తులే అయి ఉండాలి. ఏం చేశారో తెలీదు. కానీ ఆమె కోపం తలుపు మీద పాలరాయిలో ఎక్కింది, ఆ దారిన రేవుకు పోయే ప్రతివాడూ చదివేలా. దాదాపు రెండు వేల ఏళ్లుగా ఆ ఇద్దరి గురించి లోకానికి తెలిసింది ఆ ఒక్క సంగతే.

ఇప్పుడు ఫలకం పక్కకు చూడండి. కాల్చిన మట్టితో చేసిన రెండు బొమ్మ పలకలున్నాయి. ఒకదానిలో కుర్చీలో కూర్చున్న గర్భిణి, వెనక ఆమెను పట్టుకున్న సహాయకురాలు, ముందు పొట్టి పీట మీద మంత్రసాని. మంత్రసాని చెయ్యి చాచింది కానీ ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ తరంలోనే రోమ్‌లో వైద్యం చేసిన సొరానస్ కాన్పు సమయంలో తల్లి సిగ్గుతో ముడుచుకోకుండా మంత్రసాని చూపు మరల్చుకోవాలని చెప్పాడు. చెక్కినవాడికి ఆ వివరం తెలుసు. రెండో పలకలో ఒక వైద్యుడు మనిషి కాలికి చికిత్స చేస్తున్నాడు. అట్టికే మంత్రసాని, అమెరిమ్నస్ శస్త్రవైద్యుడు అని మనం చెప్పగలిగేది ఈ బొమ్మల వల్లే. అక్షరాల్లో వృత్తి ఊసే లేదు. 29వ సమాధిలో వెరియస్ యుహెల్పిస్టస్ పేరు పక్కన ఇనప పనిముట్ల బొమ్మలు, క్లాడియస్ యుటికస్ సమాధి మీద పడవ, తిరగలి బొమ్మలు, ఇవన్నీ అంతే. డేటాబేస్‌లో పాఠం మాత్రం దించుకుని చదివేవాళ్లు ఈ శ్మశానంలో వృత్తులే లేవనుకుంటారు.

ఆరో మెట్టు: అడుగులు, హద్దులు, అమ్మకాలు

చివరి వరుసల్లో 'ఇన్ ఫ్రోంతే', 'ఇన్ అగ్రో' అని ఉండి వాటి పక్కన అంకెలుంటాయి. మొదటిది బాట వైపు వెడల్పు, రెండోది వెనక్కి లోతు. రోమన్ అడుగు సుమారు 29.6 సెంటీమీటర్లు, మన అడుగు కన్నా కాస్త తక్కువ. ఈ కొలతలను తవ్వకాల పటంతో పోల్చండి. రాతిలోని స్థలం నేల మీది గది కన్నా పెద్దదైతే, ముందు ఖాళీ ఆవరణ ఉండేదని, తర్వాత ఎవరో అందులో కట్టుకున్నారని అనుమానించవచ్చు.

ఆ అనుమానాన్ని ఇసోలా సాక్రా ఫలకాలే కొన్నిచోట్ల నిజం చేస్తాయి. మార్కస్ కొక్కేయస్ డాఫ్నస్ తనకు, తనవాళ్లకు, వాళ్లతో పాటు ఆంటోనియస్ అగాథియాస్‌కు, ఉల్పియస్ డోమిటస్‌కు ఒక సమాధి కట్టించాడు. పక్క ఫలకంలో అగాథియాస్ తాను డాఫ్నస్ వారసుణ్ణని, తోటి వారసులతో పంపకాలయ్యాక తన వాటా ఇదని చెప్పుకున్నాడు. వలేరియా ట్రోఫిమే అనే ఆవిడ తన స్థలంలో ముక్కలు ఇతరులకు ఇచ్చింది. గాయస్ గల్గెస్టియస్ హీలియస్ అయితే ఆమె దగ్గర 'లోకుస్ పూరుస్', అంటే ఇంతకుముందు ఎవరినీ పెట్టని ఖాళీ చోటు, కొనుక్కున్నానని స్పష్టంగా రాయించుకున్నాడు. ఎందుకంత స్పష్టత? ఒకసారి శవాన్నో అస్థికలనో పెట్టాక ఆ నేల రోమన్ చట్టంలో పవిత్రమైపోతుంది, మామూలు ఆస్తిలా అమ్మడం కుదరదు. కాబట్టి 'ఖాళీ చోటు' అనడం అమ్మకం చెల్లుతుందనడమే.

ఏడో మెట్టు: కాలం

తేదీ ఉన్న ఫలకం అరుదు. వంశం పేరే మొదటి ఆధారం. చక్రవర్తులు విడుదల చేసినవాళ్లు, పౌరసత్వం ఇచ్చినవాళ్లు వాళ్ల పేరే పెట్టుకునేవాళ్లు. టైబీరియస్ క్లాడియస్ అంటే క్రీ.శ. మొదటి శతాబ్దం మధ్య నుంచి. టైటస్ ఫ్లావియస్ అంటే 69 తర్వాత, మార్కస్ ఉల్పియస్ అంటే సాధారణంగా 98 తర్వాత, పబ్లియస్ ఏలియస్ అంటే 117 తర్వాత. 212లో కరకల్లా చక్రవర్తి సామ్రాజ్యంలోని స్వతంత్రులు దాదాపు అందరికీ పౌరసత్వం ఇచ్చేసరికి ఎక్కడ చూసినా అరేలియస్‌లే. ఇవన్నీ 'దీనికి ముందు కాదు' అని మాత్రమే చెబుతాయి, ఎందుకంటే పేరు మనవలకూ కొనసాగుతుంది. డి ఎం అనే ఆరంభం కూడా మొదటి శతాబ్దం చివరి నుంచే జోరందుకుంది. గట్టి సాక్ష్యం కావాలంటే గోడల్లోని ఇటుక ముద్రలు చూడండి. 123వ సంవత్సరపు కాన్సుల్‌ల (ఆ ఏడాదికి రోమ్‌లో అత్యున్నత అధికారుల) పేర్లున్న ముద్రలు రోమ్ పరిసరాల్లో కొల్లలు.

ఎనిమిదో మెట్టు: వయసులతో జాగ్రత్త

కొత్తగా మొదలెట్టినవాళ్లందరూ ముందు చేసే పని వయసులు కూడి సగటు తీయడం. వద్దు. పెద్దవాళ్ల వయసులు ఎక్కువగా అయిదుతో భాగించేవే, ముప్పై, నలభై, అరవై. పుట్టిన ఏడాది ఎవరికీ కచ్చితంగా గుర్తులేదని దాని అర్థం. పిల్లలకు మాత్రం సంవత్సరాలు, నెలలు, రోజులతో సహా రాస్తారు. పసిగుడ్డులకు రాళ్లు పెట్టడం తక్కువ. ఉత్తరాఫ్రికా ఫలకాల్లో నూరేళ్లు దాటినవాళ్లు నమ్మలేనంత మంది. ఇలాంటి లెక్కలతో ఆయుర్దాయం తేలదని కీత్ హాప్కిన్స్ అనే చరిత్రకారుడు 1966లోనే గట్టిగా వాదించాడు. వయసు రాసిన పద్ధతి ఎవరిని ఎలా తలుచుకున్నారో చెబుతుంది. ఎంతకాలం బతికారో చెప్పదు.

తొమ్మిదో మెట్టు: రాళ్ల నుంచి శ్మశానానికి

ఇప్పుడు ఒక ఎక్సెల్ షీటు తెరవండి. ఒక్కో వరుస ఒక్కో మనిషికి, ఒక్కో ఫలకానికి కాదు. గడులు ఇవి: సమాధి నంబరు, ఫలకం బయటిదా లోపలిదా, పేరు, వంశం పేరు, కట్టించినవారా చోటు పొందినవారా, బంధుత్వం, కొలత, షరతు, బొమ్మ. పాఠాలకు క్లౌస్, స్లాబీల పేరుతో ఉన్న ఆన్‌లైన్ శాసనాల డేటాబేస్ ఉచితం. లాటిన్ శాసనాల మహా సంపుటాల్లో ఓస్టియా ప్రాంతానిది 14వది, కానీ అది 1887 నాటిది కాబట్టి కాల్జా తవ్వినవి ఆ సంపుటంలో వెతక్కండి. వాటిని స్వీడన్ పండితుడు హిల్డింగ్ థైలాండర్ 1952లో ప్రచురించాడు, పండితుల రచనల్లో ఆయన నంబర్లు తరచుగా కనిపిస్తాయి.

షీటు నిండేకొద్దీ ఊరు కనబడడం మొదలవుతుంది. 'విడుదల చేసినవాళ్లకు, వాళ్ల సంతానానికి' అనే మాట ఎంత తరచుగా వస్తుందో చూస్తే, ఈ సమాధులు రక్త సంబంధీకులవి కావు, ఇంటి మొత్తానివి అని అర్థమవుతుంది. సొంత పిల్లలు లేకపోయినా విముక్తులు ఆ పేరు మోస్తారు, ఏటా వచ్చి భోజనాలు పెడతారు. అందుకే బయటి వారసుడికి సంక్రమించకూడదనే నిబంధన. సెనేటర్లు కనబడరు. కనబడేవాళ్లు రేవు వల్ల నాలుగు డబ్బులు చూసిన వర్తకులు, వైద్యులు, చేతిపనివాళ్లు, చక్రవర్తి బానిసలు.

పదో మెట్టు: రాయి లేనివాళ్లు

షీటులో ఎక్కనివాళ్లు ఇంకెందరో. ఇటుక సమాధుల నడుమ ఇసుకలో నూనె, ద్రాక్షసారా తెచ్చిన ఆంఫోరా జాడీల్లోనే కొందరిని పెట్టారు. జాడీ మెడ నేల పైకి ఉంటుంది, అందులోంచి పోయినవాళ్లకు తర్పణం పోయడానికి. ఇంకొందరికి పైకప్పు పెంకులు రెండు వైపుల నుంచి వాల్చి గుడారంలా కప్పారు. పేర్లు లేవు.

వీళ్ల సంగతి ఎముకల్లో వెతకాలి. ఇసోలా సాక్రా అస్థిపంజరాల చెవి రంధ్రాలు పరిశీలిస్తే మగవాళ్లలో దాదాపు అయిదుగురికి ఒకరిలో ఎముక బుడిపెలు కనిపించాయి, ఆడవాళ్లలో లేవు. చన్నీళ్లలో ఏళ్ల తరబడి మునిగి లేచేవాళ్లకు వచ్చే మార్పు అది. పళ్లలోని ఆక్సిజన్ ఐసోటోపులు (చిన్నప్పుడు తాగిన నీటి జాడలు) చూస్తే చెప్పుకోదగ్గంత మంది బాల్యం ఈ ప్రాంతంలో గడవలేదని తేలింది. రేవు నీళ్లలో దిగి పనిచేసినవాళ్లు, బయటి నుంచి వలస వచ్చినవాళ్లు ఫలకాల్లో అరుదు, నేలలో ఎక్కువ. మీ షీటు పక్కన ఈ ఫలితాలు పెట్టుకోకుండా 'ఈ శ్మశానంలో ఉన్నవాళ్లు' అనే వాక్యం రాయవద్దు. 'ఇక్కడ రాయి పెట్టించగలిగినవాళ్లు' అని రాయండి.

ఇదంతా పట్టుబడ్డాక అభ్యాసానికి ఇంకో ఫలకం ఇస్తాను. రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి నేల కింద 1940లలో తవ్విన శ్మశానంలో, ఏ అని గుర్తించిన సమాధి ముఖద్వారం మీదిది. గాయస్ పొపీలియస్ హెరాక్లా వీలునామాలోని భాగమే అక్కడ చెక్కారు. వాటికన్‌లో సర్కస్ (రథాల పందేల మైదానం) దగ్గర, ఉల్పియస్ నార్కిస్సస్ సమాధి పక్కన తనకు సమాధి కట్టమని, 6,000 సెస్టెర్స్‌ల (రోమన్ నాణేల) ఖర్చులో సగం నోవియా ట్రోఫిమే, సగం ఆమె తోటి వారసుడు పెట్టుకోవాలని ఆదేశం. భార్య ఫాడియా మాక్సిమా అస్థికలకూ అందులోనే చోటు. నీరో కాలపు సర్కస్ ఎక్కడుండేదో వెతికేవాళ్లకు ఈ ఒక్క వాక్యం పటం లాంటిది. దాని చివర్లో సమాధిని చేరుకోవడానికి, చుట్టూ తిరగడానికి, బలి ఇవ్వడానికి దారి హక్కు ఇచ్చాడు. ఆ హక్కు ఎవరెవరికి దక్కిందో, అందులో నోవియా విముక్తులకు వాటా ఎందుకొచ్చిందో మీరే విడదీసి చూడండి.